ఎస్‌టీపీకి మరమ్మతు, మురుగుకు సెలవు లేదు: తాత్కాలిక పంపింగ్ ఏర్పాటుకు సమగ్ర మార్గదర్శి

మంచినీటి పైపులైనుకు మరమ్మతు ఉంటే ముందురోజు పేపర్లో ప్రకటన వస్తుంది: రేపు ఫలానా కాలనీలకు సరఫరా బంద్. జనం డ్రమ్ములు నింపుకుంటారు, పని జరిగిపోతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రానికి (ఎస్‌టీపీకి) ఆ వెసులుబాటు లేదు. ‘రేపు ఎవరూ స్నానం చేయకండి’ అని ఏ మున్సిపాలిటీ ప్రకటించలేదు. ఇన్‌లెట్ గేట్లు మార్చాలన్నా, తుప్పు తిన్న స్క్రీన్లు (చెత్తను ఆపే జాలీలు) పీకి కొత్తవి పెట్టాలన్నా, పంప్‌హౌస్‌లో పాత మోటార్లు తీసేయాలన్నా వచ్చే మురుగు వస్తూనే ఉంటుంది. పని జరిగే చోటును తప్పించి దాన్ని పక్కదారిన తీసుకెళ్లి మళ్లీ శుద్ధి ట్యాంకుల్లోకి చేర్చాలి. దీన్నే సైట్లలో బైపాస్ పంపింగ్ అంటారు.

ఈ పని ఇప్పుడు మన దగ్గర పెరుగుతోంది. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ శుద్ధి చేసిన నీటికి బీఓడీ (నీటిలోని సేంద్రియ మాలిన్యానికి కొలత) పరిమితిని మహానగరాల్లో లీటరుకు 20, మిగతా చోట్ల 30 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి దించమంది. పాత ప్లాంట్లు చాలావరకు ఈ లెక్కకు కట్టినవి కావు. హైదరాబాద్‌లో 1,259.5 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు) సామర్థ్యంతో 31 కొత్త ఎస్‌టీపీలు తలపెట్టారు. వాటిలో అంబర్‌పేట లాంటి చోట పాత 339 ఎంఎల్‌డీ ప్లాంటు ఆవరణలోనే కొత్తది వచ్చింది. పాతదాన్ని నడుపుతూనే పక్కన కట్టడం, పాతదాన్ని విప్పుతూ కొత్తదానికి కలపడం, ఈ రెండు పనుల్లోనూ తాత్కాలిక పంపింగ్ తప్పదు.

ఇలాంటి పనికి టెండరు పిలిచేటప్పుడు బీఓక్యూలో (పనులు, పరిమాణాల పట్టికలో) ఒకే ఒక్క లైను కనిపిస్తుంది: ‘మురుగునీటిని మళ్లించుట, లంప్‌సమ్’. సగం గొడవలకు మూలం ఆ లైనే. అందులో ఏ సామర్థ్యం, ఎన్ని స్టాండ్‌బై పంపులు, రాత్రి ఎవరుంటారు అన్నది ఉండదు. చవకగా కోట్ చేసినవాడికి పని వెళ్తుంది, అతను రెండు పంపులు తెచ్చి పెడతాడు. ఆ ఒక్క లైను స్థానంలో టెండర్లో ఏం రాయాలో కూడా కింది దశలను బట్టి తేలుతుంది.

ఉదాహరణకు ఒక జిల్లా కేంద్రం స్థాయి పట్టణంలో 10 ఎంఎల్‌డీ ప్లాంటు తీసుకుందాం. ఇన్‌లెట్ ఛాంబర్, స్క్రీన్లు, పంప్‌హౌస్ మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. లెక్కలన్నీ దానికే చేస్తాను. మీ ప్లాంటు అంకెలు వేసుకుని అదే దారిలో వెళ్లండి.

1. వచ్చే నీటిని కొలవండి, డిజైన్ ఫైలును నమ్మకండి

రోజుకు 10 ఎంఎల్‌డీ అంటే సగటున గంటకు 417 క్యూబిక్ మీటర్లు, సెకనుకు 116 లీటర్లు. కానీ మురుగు సగటున రాదు. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ మాన్యువల్ (2013) ప్రకారం 50 వేల నుంచి ఏడున్నర లక్షల జనాభా ఉన్న చోట పీక్ ఫ్యాక్టర్ (గరిష్ఠ ప్రవాహం సగటుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 2.25 తీసుకోవాలి. తలకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా మారుతుందనుకుంటే మన ప్లాంటుకు వచ్చేది సుమారు 92 వేల మంది నీరు. కాబట్టి పీక్ ప్రవాహం గంటకు 937 క్యూబిక్ మీటర్లు, అంటే సెకనుకు 260 లీటర్లు.

ఇది పుస్తకం లెక్క. మన పట్టణాల్లో అసలు పీక్‌ను నిర్ణయించేది నల్లా వచ్చే వేళ. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊరైతే వదిలిన రోజు ఉదయం వచ్చే ఉధృతికీ, వదలని రోజుకూ పొంతన ఉండదు. అందుకే ఒక్కరోజు కొలిచి ఊరుకోకండి. నీళ్లు వదిలే రోజు, వదలని రోజు, ఒక ఆదివారం, కుదిరితే ఒక వాన రోజు కొలవండి. ప్లాంటులో ఫ్లో మీటరు పనిచేస్తుంటే సరే. లేకపోతే ఇన్‌లెట్ పంపులన్నీ ఒక్క నిమిషం ఆపి సంప్‌లో (మురుగు చేరే గుంతలో) మట్టం ఎంత పెరిగిందో చూడండి. 8 మీటర్ల వ్యాసమున్న సంప్ విస్తీర్ణం సుమారు 50 చదరపు మీటర్లు. నిమిషంలో 15 సెంటీమీటర్లు పెరిగితే గంటకు దాదాపు 450 క్యూబిక్ మీటర్లు వస్తున్నట్టు. రెండు మూడు రోజులపాటు గంటకోసారి ఇలా చూసి రిజిస్టరులో రాస్తే రోజంతటి ప్రవాహం తీరు తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు.

కనిష్ఠ ప్రవాహం కూడా రాసుకోండి. రాత్రి 2 నుంచి 4 మధ్య మన ప్లాంటుకు సెకనుకు 46 లీటర్లే వస్తుందనుకుందాం. పైపు సైజు తేల్చేటప్పుడు ఈ అంకెతో పని పడుతుంది.

2. మీ చేతిలో ఎన్ని నిమిషాలున్నాయి?

ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇది. పంపు సామర్థ్యం గురించి అందరూ మాట్లాడతారు. పంపు ఆగిన క్షణం నుంచి మురుగు రోడ్డెక్కే దాకా ఎంత సమయం ఉందో చాలా సైట్లలో ఎవరికీ తెలియదు.

లెక్క తేలిక. పంపులు ఆగితే నీరు మొదట సంప్‌లోని ఖాళీని, తర్వాత పైనున్న ట్రంక్ లైనులోని (ప్రధాన మురుగు పైపులోని) ఖాళీని నింపుతుంది. ఆ తర్వాత అన్నిటికంటే పల్లంలో ఉన్న మ్యాన్‌హోల్ మూత నుంచో, అంతకంటే పల్లంలో ఉన్న ఇంటి బాత్రూం నుంచో పైకి వస్తుంది. 900 మిల్లీమీటర్ల లైను పీక్‌లో సగం నిండి పారుతుంటే 200 మీటర్ల పొడవులో ఇంకా 64 క్యూబిక్ మీటర్లు పడుతుంది. సంప్‌తో కలిపి 100 అనుకోండి. అప్పుడు పీక్ వేళ మీ చేతిలో ఉన్నది 6 నిమిషాలు. సగటు ప్రవాహంలో 14 నిమిషాలు. అర్ధరాత్రి 36 నిమిషాలు.

ఆరు నిమిషాల్లో ఎలక్ట్రీషియన్ ఇంటి నుంచి రాలేడు. ట్యాంకరు అసలే రాదు. వచ్చినా 6,000 లీటర్ల ట్యాంకరులో పట్టేది 23 సెకన్ల పీక్ ప్రవాహం మాత్రమే. ‘ఏమైనా అయితే సక్షన్ ట్యాంకర్లు పెడతాం’ అని కాంట్రాక్టరు అన్నప్పుడు ఈ అంకె చెప్పండి. స్టాండ్‌బై పంపు దానంతట అదే మొదలవ్వాలా, మనిషి వచ్చి నొక్కితే చాలా? రాత్రి ఆపరేటర్ గదిలో ఉంటే సరిపోతుందా, పంపు పక్కనే ఉండాలా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ నిమిషాల్లోనే ఉంది. పది నిమిషాల లోపైతే ఆటోమేటిక్ స్టార్ట్ తప్పనిసరి.

3. ఎక్కడ నుంచి తీయాలి, ఎక్కడ పోయాలి

తీసే చోటు సాధారణంగా ఇన్‌లెట్ ఛాంబరుకు ముందున్న ఆఖరి మ్యాన్‌హోల్. కానీ మామూలు మ్యాన్‌హోల్‌లో నాలుగైదు పంపులు పట్టవు, పట్టినా ఒకదాని నీటిని ఒకటి లాక్కుంటాయి. అందుకని పక్కన తాత్కాలిక సంప్ తవ్వి కాంక్రీటు రింగులు దించడం, లేదా రెండు వరుస మ్యాన్‌హోల్స్‌లో పంపులు పంచడం మేలు. పంపు ఎంతసేపటికోసారి ఆన్ ఆఫ్ అవుతుందో కూడా చూడాలి. సెకనుకు 65 లీటర్ల పంపును గంటకు పదిసార్లకు మించి స్టార్ట్ చేయకూడదనుకుంటే ఆన్ మట్టానికీ ఆఫ్ మట్టానికీ మధ్య దాదాపు 6 క్యూబిక్ మీటర్ల నీరుండాలి. 1.2 మీటర్ల మ్యాన్‌హోల్‌లో అంత నీరు నిలవాలంటే మట్టం ఐదు మీటర్లకు పైగా ఊగాలి, అది కుదరని పని. సంప్ తవ్వక తప్పదనడానికి ఇదే కారణం.

పోసే చోటులో చిక్కులు ఇంకాస్త ఎక్కువ. యూఏఎస్‌బీ లేదా యాక్టివేటెడ్ స్లడ్జ్ లాంటి, నీరు ఆగకుండా పారే పాత పద్ధతి ప్లాంటైతే పంపిణీ ఛాంబరులో పోస్తే చాలు. ఎస్‌బీఆర్ (వంతులవారీగా శుద్ధి చేసే) పద్ధతి అలా కాదు. అక్కడ ఒక్కో బేసిన్ నింపడం, గాలి పట్టించడం, పేరనివ్వడం, తేట తీయడం అనే వంతుల్లో నడుస్తుంది. పేరుకుంటున్న బేసిన్‌లో మీ పైపు సెకనుకు 130 లీటర్లు గుమ్మరిస్తే అడుగున చేరిన స్లడ్జ్ (బురద) అంతా లేచి తేటనీటితో బయటికి పోతుంది. అందుకని పైపు చివర ఎప్పుడూ గేట్లు ఉన్న పంపిణీ ఛాంబరుకు ముందే ఉండాలి, ఏ బేసిన్‌లోకీ నేరుగా వేయకూడదు. పైపు నోరు గోడను కోయకుండా కింద ఒక బండరాయో, ఇనుప పలకో పెట్టండి.

శుద్ధి చేయకుండా నాలాలోకో చెరువులోకో వదలడం ‘తాత్కాలిక పంపింగ్’ కిందకు రాదు. 1974 నీటి చట్టం దాన్ని నిషేధిస్తుంది. ఏదైనా దశలో పాక్షిక శుద్ధితోనే వదలాల్సి వస్తే కాలుష్య నియంత్రణ మండలి నుంచి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఫోన్లో ‘సరేలెండి’ అన్నది లెక్కలోకి రాదు.

4. పంపులు

మన లెక్కకు సెకనుకు 65 లీటర్లు ఇచ్చే ఎలక్ట్రిక్ సబ్‌మర్సిబుల్ (నీటిలో మునిగి నడిచే) సీవేజ్ పంపులు నాలుగు, అంతే సామర్థ్యమున్న డీజిల్ ఆటోప్రైమ్ (సక్షన్ పైపులోని గాలిని తామే తీసి నీరు అందుకునే) పంపులు రెండు పెడతాను. పీక్ నాలుగింటితో నడుస్తుంది. ఒకటి జామ్ అయితే డీజిల్ ఒకటి అందుకుంటుంది. కరెంటు పోయి జనరేటర్ కూడా మొరాయిస్తే రెండు డీజిల్ పంపులూ కలిసి 130 లీటర్లు లాగుతాయి, అది సగటు కంటే ఎక్కువ. పీక్ వేళ మాత్రం ఆ రెండూ సరిపోవు, కానీ చేతిలో ఉన్న ఆరు నిమిషాలు పన్నెండవుతాయి. స్టాండ్‌బై అంటే అదే రకం పంపు ఇంకొకటి అని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకే ప్యానెల్ మీద ఉంటే అవి కలిసే ఆగిపోతాయి. స్టాండ్‌బై వేరే శక్తి మీద నడవాలి.

రెండు పెద్ద పంపులు కాకుండా నాలుగు చిన్నవి ఎందుకంటే రాత్రి 46 లీటర్లే వస్తుంది. పెద్ద పంపు పెడితే నిమిషానికోసారి ఆగుతూ మొదలవుతూ మోటారు కాలుతుంది.

హెడ్ (పంపు నీటిని ఎత్తాల్సిన ఎత్తు, దారిలో నష్టాలతో కలిపి) లెక్క: సంప్‌లో నీటి మట్టం నేలకు 4.5 మీటర్ల కింద, పంపిణీ ఛాంబరు నేలకు 4 మీటర్ల పైన. స్టాటిక్ 8.5 మీటర్లు. 250 మీటర్ల పైపులో ఒక్కో లైనుకు 130 లీటర్లకు రాపిడి నష్టం సుమారు 2.7 మీటర్లు. బెండ్లు, వాల్వులకు 1.6. మొత్తం 12.8, కొంచెం చేయి వదిలి 14 మీటర్లకు పంపు అడగండి. 65 శాతం సామర్థ్యంతో ఒక్కోదానికి దాదాపు 14 కిలోవాట్లు పడుతుంది, 25 హెచ్‌పీ మోటారు సరిపోతుంది. ఇంకొకటి చూసుకోవాలి. లైనులో ఒక్క పంపే నడిచేటప్పుడు హెడ్ 10 మీటర్ల లోపుకు పడిపోతుంది, పంపు ఎక్కువ నీరు లాగుతుంది. ఆ చోట మోటారు ఓవర్‌లోడ్ కాదని పంపు కర్వ్ చూపించి సప్లయరు చేత సంతకం చేయించండి.

డీజిల్ పంపు నేల మీద ఉంటుంది కాబట్టి సక్షన్ లెక్క విడిగా చేయాలి. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 10.3 మీటర్ల నీటికి సమానం. విశాఖలో అదే దొరుకుతుంది. 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 9.7 మాత్రమే. అందులోంచి లిఫ్ట్ 4.5, ఆవిరి పీడనం 0.4, సక్షన్ పైపు నష్టం 0.8 తీసేస్తే 4 మీటర్లు మిగులుతుంది. పంపుకు కావాల్సింది 3 మీటర్లయితే నడుస్తుంది. అదే సంప్ 7 మీటర్ల లోతుంటే మిగిలేది ఒకటిన్నర మీటరు. అప్పుడు ఏ కంపెనీ పంపైనా గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేస్తూ ఇంపెల్లరు తినేసుకుంటుంది. అలాంటి చోట డీజిల్ పంపును తవ్విన గుంతలో మెట్టు కట్టి దించాలి, లేదా పూర్తిగా సబ్‌మర్సిబుల్స్‌కు పోయి రెండు జనరేటర్లు పెట్టాలి.

5. పైపులైను

ఒక పెద్ద లైను కంటే రెండు చిన్నవి మంచివి. 450 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు ఒక్కటి వేస్తే పీక్‌లో వేగం సెకనుకు 1.9 మీటర్లు, బాగానే ఉంది. రాత్రి 46 లీటర్లకు అది 0.34కు పడిపోతుంది, ఇసుక అడుగున పరుచుకుంటుంది. రెండు 315 లైన్లు వేసి రాత్రి ఒక్కదాన్నే నడిపితే పంపు ఆన్‌లో ఉన్నంతసేపు వేగం మీటరుకు దగ్గర్లో ఉంటుంది. పగలు రెండూ కలిసి పీక్‌ను 1.96 మీటర్ల వేగంతో మోస్తాయి. ఒక లైను పగిలినా సగటు ప్రవాహం రెండోదానిలో వెళ్తుంది.

మురుగుకు వాడే హెచ్‌డీపీఈకి ఐఎస్ 14333 ప్రమాణం ఉంది, తాగునీటి పైపుల ఐఎస్ 4984 వేరు. అద్దె పైపులు వస్తే గీతలు చూడండి, గోడ మందంలో పదో వంతుకు మించి గాటు పడిన ముక్కను పక్కన పెట్టండి. జాయింట్లు బట్ ఫ్యూజన్ వెల్డింగ్‌తో (పైపు చివరలు కరిగించి అతికించి) వేయాలి, ప్లేటు వేడి 200 నుంచి 220 డిగ్రీలు. వెల్డయ్యాక చల్లారే వరకు బిగింపు విప్పకూడదు. సాయంత్రం అయిదున్నరకు ఇంటికెళ్లే తొందరలో ఉన్న మనిషి వేసిన ఆఖరి జాయింటే తర్వాత ఊడుతుంది, ఆ రోజు వెల్డ్‌లను ప్రత్యేకంగా చూడండి. ఫ్లాంజ్‌లు (బోల్టులతో బిగించే జోడింపులు) పంపుల దగ్గర, వాల్వుల దగ్గర మాత్రమే.

ఎండ సంగతి. నల్ల హెచ్‌డీపీఈ 30 డిగ్రీలు వేడెక్కితే 100 మీటర్లకు అర మీటరు దాకా సాగుతుంది. మురుగు పారుతున్న లైను చల్లగానే ఉంటుంది. ఖాళీగా ఉన్న స్టాండ్‌బై లైనే మే నెల మధ్యాహ్నం పాములా మెలికలు తిరిగి ఫ్లాంజ్‌ను లాగేస్తుంది. పైపును తిన్నగా బిగించకుండా కొంచెం వంపులతో పరచండి, బెండ్ల దగ్గర మాత్రం కాంక్రీటు దిమ్మెలతో కట్టేయండి.

ప్రతి పంపుకు సొంత ఎన్‌ఆర్‌వీ (నీటిని వెనక్కి రానివ్వని వాల్వు), సొంత గేటు వాల్వు ఉండాలి. ఎన్‌ఆర్‌వీ లేకుండా కలిపితే ఆగిన పంపు గుండా నీరు వెనక్కి సంప్‌లోకే తిరుగుతుంది, పైకి చూస్తే అన్నీ నడుస్తున్నట్టే ఉంటుంది. ఎత్తైన చోట ఎయిర్ వాల్వు, పల్లంలో స్కవర్ వాల్వు (అడుగున చేరినది బయటికి వదిలేది) పెట్టాలి. రోడ్డు దాటే చోట రాంపు వేస్తే లారీలు తొక్కుతాయి, పైపును ఇనుప కేసింగ్‌లో పెట్టి భూమిలోకి దించడమే మంచిది.

6. కరెంటు, ఫ్లోట్లు

నాలుగు 25 హెచ్‌పీ మోటార్లకు సాఫ్ట్ స్టార్టర్లతో, ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యేలా పెడితే 125 కేవీఏ డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) సరిపోతుంది. మెయిన్స్ నుంచి జనరేటర్‌కు మారగానే మోటారు తిరిగే దిశ చూడండి. డీజీలో ఫేజ్ వరుస తారుమారైతే పంపు వెనక్కి తిరుగుతుంది. శబ్దం వస్తుంది, ఆంపియర్లు కనిపిస్తాయి, నీరు మాత్రం బాగా తక్కువ లేస్తుంది. ప్యానెల్ను ఎత్తైన దిమ్మె మీద పెట్టండి. కేబుళ్లు కర్రల మీద వేలాడాలి, తడినేల మీద కాదు. ఎర్తింగ్ పిట్ కొత్తగా తవ్వండి, కూల్చబోయే పంప్‌హౌస్ ఎర్త్‌కు కలపకండి.

మట్టం చూడడానికి అల్ట్రాసోనిక్ సెన్సరు ఒకటి, దానికి సంబంధం లేని ఫ్లోట్ స్విచ్ ఇంకొకటి పెట్టండి. నురగ వస్తే అల్ట్రాసోనిక్ తప్పు చూపిస్తుంది, గుడ్డపీలికలు చుట్టుకుంటే ఫ్లోట్ ఇరుక్కుంటుంది. రెండూ ఒకేసారి చెడడం అరుదు. హై లెవెల్ అలారం కనీసం ముగ్గురి ఫోన్లకు వెళ్లాలి, సైరన్ కూడా మోగాలి.

7. చెత్త

స్క్రీన్లను విప్పేసిన చోట మురుగుతోపాటు వచ్చే ప్రతిదీ పంపులోకి పోతుంది: షాంపూ ప్యాకెట్లు, శానిటరీ ప్యాడ్లు, కొబ్బరి పీచు, పెళ్లిళ్ల సీజన్లో పూలదండల దారాలు. పంపు 75 లేదా 80 మిల్లీమీటర్ల ఘనపదార్థం దాటించగలదని బ్రోచరులో రాసి ఉంటుంది. గుండ్రటి రాయికి అది నిజం. మీటరు పొడవు చీరముక్కకు కాదు.

చెత్త ఎంత పని చేస్తుందో లాస్ ఏంజిలిస్‌లోని హైపీరియన్ ప్లాంటు చూపించింది. 2021 జూలై 11న ఒక్కసారిగా వచ్చిన చెత్తకు అక్కడి స్క్రీన్లు మూసుకుపోయి ఇన్‌లెట్ భవనం మునిగింది, కోటి గాలన్లకు పైగా శుద్ధి కాని మురుగు సముద్రంలోకి వెళ్లింది. శాశ్వత స్క్రీన్లకే ఆ గతి పట్టినప్పుడు తాత్కాలిక సంప్ సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి సంప్‌కు ముందు 25 మిల్లీమీటర్ల సందులతో రెండు బార్ బుట్టలు వరుసగా పెట్టండి. ఒకటి పైకి తీసి శుభ్రం చేస్తుంటే రెండోది కింద ఉండాలి. తీయడానికి చైన్ బ్లాక్ ఉండాలి, మనిషి లోపలికి దిగకూడదు. ఆంపియర్లు మామూలు కంటే పెరిగినా, పంపు నీరు తగ్గినా ఆ పంపును ఆపి ఎత్తి చూడండి. ఎత్తడానికి గైడ్ రెయిలు, గొలుసు ముందే ఉంటే ఇది అరగంట పని. లేకపోతే హైడ్రా క్రేను కోసం సగం రోజు పోతుంది.

8. ప్లగ్, మ్యాన్‌హోల్, మనుషులు

లైను మూయడానికి గాలి నింపే రబ్బరు ప్లగ్ వాడతారు. 900 మిల్లీమీటర్ల పైపులో వెనక 3 మీటర్ల నీరు నిలిస్తే దాని మీద పడే బలం దాదాపు 1.9 టన్నులు. ప్లగ్ జారితే ఆ నీరంతా పనిచేస్తున్న వాళ్ల మీదికే వస్తుంది. అందుకే ప్లగ్ ఒక్కటే చాలదు. దాని ముందు ఇనుప ఆసరా కొట్టాలి, లేదా కొంత దూరంలో రెండో ప్లగ్ వేయాలి. గాలి పీడనం మీటరు పైన, అందరికీ కనిపించేలా ఉండాలి, ప్రతి రెండు గంటలకు రాయాలి. ఒకే ప్లగ్ మీద నమ్మకంతో ఎవరినీ ఛాంబరులోకి దించకండి.

ప్లగ్‌ను పైనుంచే దించగలిగితే దించండి. తప్పనిసరై మనిషి దిగాల్సి వస్తే నాలుగు వాయువుల మీటరుతో పైన, మధ్యలో, అడుగున కొలవాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, మండే వాయువు పేలుడు పరిమితిలో పదో వంతు దాటకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దగ్గరే అలారం మోగాలి. 100 పీపీఎం దగ్గర ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, ‘వాసన లేదు కదా’ అని దిగిన వాళ్లు తిరిగి రాలేదు. మీటరు మనిషితోపాటు కిందికి వెళ్లాలి, ఎందుకంటే కాలితో స్లడ్జ్ కదిపినప్పుడే గ్యాస్ వస్తుంది. బ్లోయర్, ట్రైపాడ్, ఫుల్ బాడీ హార్నెస్, గాలి సిలిండరు సెట్, పైన ఇద్దరు మనుషులు ఉండాలి. కింద పడిపోయిన వాడి కోసం సిలిండరు లేకుండా ఎవరూ దూకకూడదని రోజూ ఉదయం చెప్పండి. ఒకరి వెంట ఒకరు పోవడం ఇలాగే జరుగుతుంది.

రక్షణ లేకుండా మురుగు కాల్వలోకి మనిషిని దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. మురుగు మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. సబ్‌కాంట్రాక్టరు మనిషైనా బాధ్యత తప్పదు.

9. ఎప్పుడు మొదలుపెట్టాలి

తెలంగాణలో, ఉత్తర కోస్తాలో డిసెంబరు నుంచి మే వరకు పని చేసుకోవచ్చు. జూన్ నుంచి వాననీరు మురుగులో కలిసి పీక్ లెక్క తారుమారవుతుంది. అక్టోబరు కూడా నమ్మదగిన నెల కాదని 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలు హైదరాబాద్‌కు చూపించాయి. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి, అక్కడ జనవరి తర్వాతే నయం. హైదరాబాద్‌కు ఇంకో వరం సంక్రాంతి. జనం ఊళ్లకు వెళ్లిపోతే మురుగు కూడా తగ్గుతుంది, మార్పిడి రాత్రిని ఆ మూడు రోజుల్లో పెట్టుకోవచ్చు. కూలీలు కూడా ఊళ్లకు పోతారన్నది దీనిలో చిక్కు. ముందే మాట్లాడుకుని రెట్టింపు కూలి ఇవ్వండి.

ఇళ్ల మధ్య సైటైతే రాత్రి శబ్దం పరిమితి 45 డెసిబెల్స్. డీజిల్ పంపుకు అకౌస్టిక్ కానోపీ అడగండి. పక్క కాలనీ సంఘం వాళ్లకు ముందే వెళ్లి చెబితే సగం ఫిర్యాదులు రావు.

10. పరీక్ష, మార్పిడి రాత్రి

మొదట మంచినీటితో లైనును పని పీడనానికి ఒకటిన్నర రెట్లు నింపి రెండు గంటలు చూడండి. తర్వాత పాత పంప్‌హౌస్ నడుస్తుండగానే బైపాస్‌ను కనీసం 24 గంటలు మురుగుతో నడపండి, అందులో నీళ్లు వదిలే రోజు ఉదయం పీక్ ఒకటి ఉండి తీరాలి. ఈ 24 గంటల్లో చెప్పకుండా మెయిన్ స్విచ్ ఆపండి. డీజీ ఎన్ని సెకన్లకు అందుకుంది? దాన్నీ ఆపండి. డీజిల్ పంపులు వాటంతట అవే మొదలయ్యాయా? మట్టం ఎక్కడిదాకా వచ్చింది? రెండో దశలో లెక్కేసిన నిమిషాలు నిజమో కాదో ఇక్కడ తేలుతుంది. ఈ పరీక్ష పాసవకుండా పాత గేటు మూయనివ్వకండి, కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా.

మార్పిడి రాత్రి వరుస ఇలా:

1. రాత్రి 11కి అందరూ సైట్లో. ఎవరు ఏ వాల్వు దగ్గరో పేర్లతో కాగితం.
2. ఒంటిగంటకు బైపాస్ పంపులు ఒక్కొక్కటి మొదలు, పాత పంపులు కూడా నడుస్తూనే.
3. రెండు గంటలకు ప్రవాహం కనిష్ఠానికి రాగానే పాత పంపులు ఒక్కొక్కటి ఆపి, సంప్ మట్టం 15 నిమిషాలు నిలకడగా ఉందో లేదో చూడడం.
4. తర్వాత ప్లగ్, ఆసరా, రెండో ప్లగ్.
5. పాత ఛాంబరులో మిగిలిన నీరు చిన్న పంపుతో తోడడం.
6. ఉదయం పీక్ దాటే దాకా, అంటే తొమ్మిది, పది గంటల వరకు, ఛాంబరులోకి ఎవరినీ దించకపోవడం. పాత గోడలు పగలగొట్టే యంత్రాన్ని కూడా అప్పటిదాకా ఆపి ఉంచడం.

ఆరోదాన్ని అందరూ దాటేస్తారు. ఏదైనా సరిగా లేకపోతే తెల్లారి బయటపడుతుంది, అప్పటికి పాత పంపులు ఇంకా బిగించే ఉంటే వెనక్కి వెళ్లవచ్చు.

11. నడిపే రోజులు

షిఫ్టుకు ఇద్దరు ఆపరేటర్లు, ఒక ఎలక్ట్రీషియన్, బుట్టలకు ఇద్దరు హెల్పర్లు. గంటకోసారి సంప్ మట్టం, ప్రతి పంపు ఆంపియర్లు, డెలివరీ పీడనం రాయాలి. పీడనం పెరిగి ఆంపియర్లు తగ్గితే లైనులో ఎక్కడో చోకప్. పీడనం తగ్గి ఆంపియర్లు పెరిగితే పైపు పగిలింది, వెంటనే లైను వెంట నడవండి. డీజిల్ పంపులను రోజుకు ఒకసారి అరగంట మురుగుతో నడపండి, ఒక్కోటి గంటకు 4 నుంచి 5 లీటర్ల డీజిల్ తాగుతుంది. 125 కేవీఏ జనరేటర్ నిండు లోడ్‌లో గంటకు 20 లీటర్లకు పైనే. మొత్తంగా కనీసం 24 గంటల నిల్వ సైట్లో ఉండాలి, కొలత కర్రతో చూసి రాయాలి. డీజిల్ దొంగతనం జరగదనుకోవడం అమాయకత్వం.

ప్లాంటు లోపల ఉన్నవాళ్లను కూడా మరవకండి. ప్రవాహం తగ్గినా పెరిగినా ఎయిరేషన్ ఆగకూడదు, ఆగితే సూక్ష్మజీవులు చచ్చి కోలుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

12. విప్పేటప్పుడు

కొత్త పంప్‌హౌస్ మొదలైన రోజే బైపాస్ తీసేయాలని అద్దె మీటరు ఒత్తిడి చేస్తుంది. కనీసం వారం ఉంచండి, కొత్త మోటార్లు, కొత్త ప్యానెల్ మొదటి రోజుల్లోనే మొరాయిస్తాయి. ప్లగ్ తీసే ముందు కొత్త ఛాంబరులోకి నీరు వదిలి రెండు వైపులా మట్టం సమానం చేయాలి, ఆ తర్వాతే గాలి తీయాలి. ఒకవైపు నీరు నిలిచి ఉండగా గాలి తీస్తే ప్లగ్ కొట్టుకుపోయి కొత్త స్క్రీన్‌లో ఇరుక్కుంటుంది. గాలి తీసిన ప్లగ్ పైకి రాగానే ఆసరా ఇనుములు, ఇసుక బస్తాలు, తాళ్లు అన్నీ దించిన జాబితాతో పోల్చి లెక్కపెట్టండి. తర్వాత శుద్ధి చేసిన నీటితో లైను కడిగి, ఆ నీటిని కూడా ఇన్‌లెట్‌లోకే వదలండి. తాత్కాలిక సంప్‌ను మట్టితో పూడ్చే ముందు అడుగున చేరిన ఇసుకను గ్రిట్ యార్డుకు తరలించి, పాత మ్యాన్‌హోల్ గోడకు కొట్టిన రంధ్రాలు నీరు కారకుండా మూసి, ఆ చోటును ప్లాంటు డ్రాయింగులో గుర్తించి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చేత సంతకం చేయించండి. మళ్లీ ఎప్పుడో ఆ పక్కన తవ్వేవాళ్లకు అది కావాలి.